కంచె మేసిన చేనుకు కంచెతోనే వైద్యమా?

వనపర్తిలో ఇంటర్ పిల్లలకు దశాబ్దాల పాటు జువాలజీ చెప్పి రిటైరైన సారు ఒకవైపు. ఆయన దగ్గరే చదువుకొని, న్యూరాలజీ దాకా వెళ్లి, ఇప్పుడు హైదరాబాద్‌లో పనిచేస్తున్న నాగర్‌కర్నూల్ జిల్లా డాక్టరమ్మ ఇంకోవైపు. తగువు సారు తోడల్లుడి గురించి. ఆయన గద్వాల దగ్గర చీరలు నేస్తాడు, వయసు నలభై నాలుగు. ఏడాదిగా కుడిచేతి పట్టు తప్పుతోంది. ముంజేతి కండలు వాటంతటవే అదురుతున్నాయి. నొప్పి లేదు, తిమ్మిరి లేదు. ఒకచోట ‘మోటార్ న్యూరాన్ వ్యాధి’ అని రాసిచ్చారు. నగరంలోని ఓ ప్రైవేటు కేంద్రం ‘ఇమ్యూన్ సెల్ థెరపీ’ చేస్తామని నాలుగు లక్షలు అడిగింది. కట్టేద్దామని సారు, వద్దని డాక్టరమ్మ. ఇద్దరి మాటలనూ చాలావరకు వాళ్ల యాసలోనే పెడుతున్నాను.

సారు: సూటిగ అడుగుత. మెదడు నుంచి వెన్నుపాముకు, వెన్నుపాము నుంచి కండలకు హుకుం మోసే కణాలు ఒక్కొక్కటి చచ్చిపోతయి. స్పర్శ ఉంటది, కన్ను తిరుగుతది, తెలివి చానామందికి నిలుస్తది. చెయ్యి లేవదు, మాట ముద్దగైతది, ఆఖరుకు ఊపిరి. మూడు నుంచి అయిదేండ్లు అంటరు. పారిస్‌ల షార్కో ఈ రోగం గురించి రాసింది 1869ల. ఇన్నేండ్లకు మీ చేతిల ఉన్న గోలి ఏంది? రిలుజోల్. అదీ 1995ల వచ్చింది. రెండు మూడు నెలలు కలుపుతది. అంతేనా?

డాక్టరమ్మ: ట్రయల్స్‌లో తేలింది అంతే సార్. తొందరగ మొదలుపెడితే ఇంకొంచెం ఎక్కువ కలుస్తదేమో అని ఆశ. దాన్ని ఎక్కువ చేసి చెప్పను.

సారు: అందుకే ఈ ఇమ్యూనిటీ దారి పట్టిన. కంచే చేను మేసినట్టు, మెదడుల కావలి కాసే మైక్రోగ్లియా కణాలే పక్కనున్న నరాల కణాలను పీక్కుతింటున్నయట. కంచెను అదుపు చేస్తే చేను మిగులుతది కద? జువాలజీ చెప్పినోన్ని, నాకు ఆ మాత్రం లాజిక్ తెల్వదా?

డాక్టరమ్మ: లాజిక్ మీరు నేర్పిందే. కాని కథ సగమే చదివిండ్రు. ఎస్‌ఓడీ1 అనే జన్యువు చెడితే ఈ రోగం రావొచ్చని 1993లో తెలిసింది. ఆ చెడ్డ జన్యువు పెట్టిన ఎలుకల మీద 2006లో అమెరికాలో ఒక పని చేసిండ్రు. మైక్రోగ్లియాలో మాత్రం ఆ జన్యువును తగ్గించిండ్రు. రోగం మొదలవడం ఆగలేదు. మొదలైనంక నడక మాత్రం బాగా నిదానించింది. ఇక్కడిదాక మీ మాటే. అయితే 2008లో ఇంకో సంగతి బయటపడ్డది. అవే రకం ఎలుకల్లో, ఇమ్యూనిటీలో భాగమైన టీ కణాలు లేనివి బతకాల్సిన దానికన్న ముందే చచ్చిపోయినయి. అంటే అదే కంచె కొంతకాలం చేనును కాస్తున్నది. ఎన్నడు కాస్తది, ఎన్నడు మేస్తది, మనిషిలో ఆ గడియ ఏదని ఎవ్వరూ ఖాయంగ చెప్పలేరు.

సారు: తెల్వదని ఊకుందామా?

డాక్టరమ్మ: ఊకోలేదు సార్, అదే చెప్తున్న. కంచెను మొత్తం పీకేసి చూసిండ్రు. సైక్లోస్పోరిన్, సైక్లోఫాస్ఫమైడ్, లింఫ్ గ్రంథులకు రేడియేషన్, రక్తంలోని ప్లాస్మా మార్చడం... ఏదీ రోగాన్ని ఆపలేదు. మినోసైక్లిన్ సంగతి వినండి. ఎలుకలలో మైక్రోగ్లియాను మస్తు చల్లబరిచింది. అమెరికాలో 412 మంది మీద పరీక్షించి 2007లో లెక్క చెప్పిండ్రు. మాత్ర వేసుకున్నోళ్లకు రోగం వేసుకోనోళ్లకన్న ఇరవై అయిదు శాతం వేగంగ ముదిరింది.

(మొటిమలకు రాసే మామూలు యాంటీబయాటిక్ అది. ట్రయల్ నడుస్తున్న రోజుల్లో ‘ఎట్లాగూ అపాయం లేని మందే కదా’ అనుకున్న రోగులు ఎందరో ఉండి ఉంటారు. ఆ ‘ఎట్లాగూ’ అనే మాటే ఈ సంవాదంలో సారు చేతిలోని అసలు ఆయుధం, కాసేపటికి బయటికి తీస్తారు.)

సారు: అణచేయబోతే తప్పు అయిందని నువ్వే అంటున్నవ్. నేను అణచమంటలేను. సర్దమంటున్న. హ్యూస్టన్‌ల స్టాన్లీ అపెల్ అనే పెద్దాయన ఏండ్లకేండ్లు చెప్తున్నది అదే గద? రెగ్యులేటరీ టీ కణాలని ఉంటయి, కొట్లాటను ఆపేటివి. ఈ రోగంల అవి తక్కువ పడతయి, ఉన్నయి కూడ సరిగ పనిచెయ్యవు. వాటిని పెంచుతే చాలు. ఫ్రాన్స్, ఇంగ్లండ్ వాళ్లు ఇంటర్‌ల్యూకిన్-2 ఇచ్చి చూసిండ్రు. 2025ల లాన్సెట్‌ల వచ్చింది. గది చెప్పవేంది?

డాక్టరమ్మ: మీరు అడగాల్నని చూస్తున్న. మిరోకాల్స్ అంటరు దాన్ని. ఈ దారిలో నాకు నిజంగ గౌరవం ఉన్న ట్రయల్ అదొక్కటే. 220 మంది. అందరికీ రిలుజోల్, సగం మందికి దానితో పాటు ఇంటర్‌ల్యూకిన్. నెలకు అయిదు రోజులు, చర్మం కింద, రోజుకు 20 లక్షల యూనిట్లు, ఏడాదిన్నర పాటు. 2025లో ఫలితం ప్రకటించిండ్రు. మొత్తం మీద చూస్తే చావు ప్రమాదం 19 శాతం తగ్గినట్టు కనిపించింది, కాని అది కాకతాళీయం కూడ కావచ్చు, లెక్కకు నిలవలేదు. వెన్నునీటిలో నరాలు విరిగినకొద్దీ పెరిగే ఒక ప్రొటీన్ ఉంటది, న్యూరోఫిలమెంట్. అది తక్కువున్న వాళ్లను విడిగా తీసి చూస్తే, చావు ప్రమాదం దాదాపు సగం తగ్గింది. వాళ్లు మొత్తంలో పదిమందికి ఏడుగురు.

సారు: సగం! పదిల ఏడుగురు! ఇంక ఆలస్యమెందుకు?

డాక్టరమ్మ: ఒక్క మాట. ఇంటర్‌ల్యూకిన్-2 కొత్త మందు కాదు. కాన్సర్‌కు ఎన్నో ఏండ్ల నుంచి ఇస్తున్నరు, చాలా పెద్ద మోతాదులో. ఆ మోతాదులో అది దాడి చేసే కణాలను ఉసిగొల్పుతది, కాన్సర్‌కు కావాల్సింది అదే. చిన్న మోతాదులోనే ఆపే కణాలు పెరుగుతయి. ఒకటే సూది, ఒక కొలతకు శాంతి, ఇంకో కొలతకు యుద్ధం. మీరు నాలుగు లక్షలు కట్టబోయే చోట ఏ కణం, ఎంత కొలత, ఎన్నిసార్లు అని కాగితం ఇచ్చిండ్రా?

సారు: ‘ఇమ్యూనిటీ పెంచుతం’ అన్నరు.

డాక్టరమ్మ: కరోనా నుంచి ఆ మాట మనల్ని పట్టుకున్నది సార్. కషాయం తాగితే పెరుగుతది, పొడి నాకితే పెరుగుతది, పెరిగితే మంచిదే అని. ఈ రోగంలో పెరగడమే మంచిదని ఎవరన్నరు? కాలిఫోర్నియాలోని లా హోయా వాళ్లు 2025లో చెప్పిన సంగతి వింటరా? ఏ.ఎల్.ఎస్., అంటే ఈ రోగమే, ఉన్న కొందరిలో టీ కణాలు సొంత నరాల కణాల్లోని సీ9ఆర్ఫ్72 అనే ప్రొటీన్ మీదికే ఎగబడుతున్నయి. ఆ దాడిని చల్లబరిచే స్పందన ఎక్కువ ఉన్నోళ్లు ఎక్కువ కాలం బతికే సూచన కనిపించింది. ఇట్లాంటి మనిషికి గుడ్డిగ ‘పెంచితే’ ఎటు పెరుగుతది?

సారు: సరే, పెంచుడు మాట పక్కన పెడుదం. మూల కణాలు? మనిషి ఎముక మజ్జలోంచి తీసి, పెంచి, వెన్నుల ఎక్కిస్తరు. అవి ఇమ్యూనిటీని సర్దుతయంట. అమెరికాలనే చేసిండ్రు కద?

డాక్టరమ్మ: చేసిండ్రు. నర్‌ఓన్ అని పేరు. మూడో దశలో అనుకున్న ఫలితం రాలేదు. అయినా రోగులు మస్తు కొట్లాడిండ్రు, అర్జీలు పెట్టిండ్రు. 2023 సెప్టెంబర్‌లో ఎఫ్‌డీఏ పిలిచిన నిపుణుల కమిటీలో 17 మంది రుజువు చాలదన్నరు, ఒక్కరు అవునన్నరు, ఒక్కరు ఎటూ చెప్పలేదు. మన దేశం సంగతి అయితే ఐసీఎంఆర్ 2017లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. రక్తానికి సంబంధించిన కొన్ని జబ్బులకు తప్ప మూల కణాలను వైద్యంగ అమ్మకూడదు, మిగతావన్నీ అనుమతి ఉన్న ట్రయల్‌లోనే చెయ్యాలె. ట్రయల్ అయితే రోగి దగ్గర ఆ మందుకు పైసలు తీసుకోవద్దు. పైసలు అడిగిన్రంటేనే అది ట్రయల్ కాదన్నట్టు.

సారు: ట్రయల్ అంటవా! (ఇక్కడ సారు గొంతు నిజంగానే పెరిగింది.) మన తెలుగు నేల మీద ట్రయల్ అంటే ఏందో మరిచినవా? 2009ల ఖమ్మం జిల్లాల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేసిండ్రు, పధ్నాలుగు వేల మంది దాక. హాస్టళ్లల్ల ఉన్న చానామందికి తల్లిదండ్రుల బదులు వార్డెన్లతో సంతకాలు పెట్టించిండ్రు. 2010 ఏప్రిల్‌ల లొల్లి అయితేనే ఆపిండ్రు.

డాక్టరమ్మ: మరిచిపోలేదు. టీకా తరువాత కొందరు పిల్లలు చనిపోయిండ్రు, ఆ చావులకు టీకా కారణం కాదని విచారణలో తేల్చిండ్రు, కాని సంతకాల తీరు ముమ్మాటికీ తప్పే. ఆ గొడవల తరువాతనే రూల్స్ గట్టిపడ్డయి. 2013 నుంచి ట్రయల్‌లో నష్టం జరిగితే వైద్యం, పరిహారం ఇయ్యాలె. సీటీఆర్‌ఐ అనే ట్రయల్స్ రిజిస్ట్రీలో ముందే నమోదు కావాలె, అది అంతకుముందే 2009 నుంచి తప్పనిసరి. ఫోన్ ఉంటే మీరే చూసుకోవచ్చు. సార్, కోపం రాకపోతే ఒకటంట. పైసలు తీసుకోకుండ, లెక్క రాస్త, నష్టమైతే జవాబు చెప్త అనే ప్రయోగాన్ని మీరు అనుమానిస్తున్నరు. నాలుగు లక్షలు తీసుకొని, లెక్క రాయకుండ, జవాబు చెప్పని ప్రయోగాన్ని వైద్యమంటున్నరు.

సారు: ...ఆ మాట గట్టిగనే తగిలింది. కాని బిడ్డా, నా మాట కూడ విను. నువ్వు చెప్పే మిరోకాల్స్‌ల చేరాలంటే ఏమేమి రూల్స్ ఉండె?

డాక్టరమ్మ: లక్షణాలు మొదలై రెండేండ్లు దాటొద్దు. అంతకుముందు రిలుజోల్ వేసుకొని ఉండొద్దు.

సారు: మావోడు ఏం చేసిండు? మొదలు నాలుగు నెలలు నాటు మందు. తరువాత ‘మెడ నరం నొక్కుకున్నది’ అని ఒక డాక్టర్ పట్టీ కట్టిండు. ఇంకొకాయన మెడ ఆపరేషన్ కూడ అన్నడు, పైసల్లేక ఆగినం. గద్వాల నుంచి కర్నూలు, కర్నూలు నుంచి హైదరాబాద్. రోగం పేరు తెలిసేసరికి ఏడాది. ఇంగ్లండోడికి రెండేండ్లల ఇరవై నాలుగు నెలలు ఉంటయి, మన గద్వాల నడిగడ్డోనికి పన్నెండే. నువ్వు ‘ట్రయల్ కోసం ఆగండి’ అంటే అది హైదరాబాద్‌ల కూసొని చెప్పే మాట. ఇక్కడికి ఏ ట్రయలూ రాదు. చచ్చేటోనికి ఇంక అపాయం ఏంది? ఎట్లాగూ పోయేదేగద?

(అన్నారు. ఈ ‘ఎట్లాగూ’కి డాక్టరమ్మ వెంటనే జవాబు చెప్పలేదు. చెప్పకపోవడమే నాకు నచ్చింది. దీనికి తడుముకోకుండా జవాబిచ్చే వైద్యులను చూశాను, వాళ్ల జవాబుల్లో రోగి కనిపించడు.)

డాక్టరమ్మ: అపాయం ఉంటది సార్. రోగం ఇంకా వేగంగ ముదరొచ్చు, మినోసైక్లిన్ చెప్పింది అదే. ఇక నడిగడ్డ నెలల సంగతి మీదే నిజం. దానికి నా దగ్గర జవాబు లేదు, సిగ్గు ఉన్నది. ఫైల్ ఇటివ్వండి.

(ఫైల్ తిరగేశారు. మెడ ఎమ్మారై, రక్త పరీక్షలు, రెండు మందుల చీటీలు.)

డాక్టరమ్మ: నరాల పరీక్ష ఏది? కరెంటు పెట్టి నరంలో సంకేతం ఎంత వేగంగ పోతుందో కొలిచేది, కండలో సన్న సూది పెట్టి చూసేది?

సారు: అది చెయ్యలే. ‘చూస్తేనే తెలుస్తుంది’ అన్నరు.

డాక్టరమ్మ: మోకాలు మీద సుత్తితో కొడితే కాలు ఎట్ల ఎగిరింది? నాలుక సన్నబడ్డదా? మింగేటప్పుడు పొలమారుతదా? ఎడమ చెయ్యి?

సారు: నాలుక బాగనే ఉన్నది, అన్నం తింటడు. ఎడమ చెయ్యి మంచిగనే ఉన్నది. మోకాలు... మామూలుగ ఎగిరిందన్నడు. కుడిచెయ్యి మణికట్టు దగ్గర వాలిపోతది. చిత్రమేందంటే చెయ్యి సన్నబడలేదు, బలమే పోయింది.

డాక్టరమ్మ: అయితే ఈ కాగితం మీద రాసిన పేరుతో నేను ఇప్పుడే ఒప్పుకోను.

సారు: అంటే?

డాక్టరమ్మ: అచ్చం ఈ రోగం లెక్కనే కనిపించే ఇంకొకటి ఉన్నది. మల్టీఫోకల్ మోటార్ న్యూరోపతి. 1988లో దాన్ని విడిగా గుర్తుపట్టిండ్రు. ఎక్కువ మగవాళ్లకు, ముప్పై నుంచి యాభై ఏండ్ల మధ్య, చాలాసార్లు ఒక చేతిలో మొదలైతది. నొప్పి ఉండదు, తిమ్మిరి ఉండదు, కండ అదురుతది. మొదట్లో కండ కరగకముందే బలం పోతది. ఎందుకంటే కణం చావదు, నరం దారిలో ఒక చోట సంకేతం ఆగిపోతది. సగం మందికి దగ్గర దగ్గర రక్తంలో జీఎం1 అనే కొవ్వు పదార్థం మీద యాంటీబాడీలు దొరుకుతయి. ఇది అచ్చంగ ఇమ్యూన్ రోగం. మీరు చెప్పిన కంచె ఇక్కడ నిజంగనే చేను మేస్తది.

సారు: మందుందా?

డాక్టరమ్మ: ఉన్నది. ఇమ్యూనోగ్లోబులిన్. వేల మంది దాతల ప్లాస్మా నుంచి తీసిన యాంటీబాడీలు, సెలైన్ లెక్క ఎక్కిస్తరు. కిలోకు రెండు గ్రాములు, రెండు నుంచి అయిదు రోజుల్లో. అరవై కిలోల మనిషికి నూటిరవై గ్రాములు. ఖర్చు లక్షల్లోనే ఉంటది, కొన్ని వారాలకు మళ్లీ మళ్లీ కావాలె. కాని చాలామందికి చెయ్యి లేస్తది, మగ్గం మీద కూసుంటరు. ఇంకొకటి గుర్తుపెట్టుకోండి. ఎవరన్నా ‘ఒకసారి స్టెరాయిడ్ వేసి చూద్దం’ అంటే వద్దనండి. ఈ రోగంలో స్టెరాయిడ్ కొందరికి బలహీనతను పెంచుతది.

సారు: ఇమ్యూన్ వైద్యమని నేను మొత్తుకుంటుంటే వద్దు వద్దన్నవ్. ఇప్పుడు నువ్వే అంటున్నవ్!

డాక్టరమ్మ: నేను వద్దన్నది మోటార్ న్యూరాన్ వ్యాధికి, అదీ లెక్కాపత్రం లేని చోట. ఇది అది కాకపోవచ్చు అంటున్న. అది కూడ నరాల పరీక్ష అయితేనే. మోకాలు మామూలుగ ఎగరడం ఒక ఆశ, అంతే. రెండు నెలలకు కాళ్లు బిగుసుకొనిపోతే నా మాట తప్పైతది. ఇప్పుడే ఇంట్లో సంబురం చెయ్యొద్దు.

సారు: మన దక్షిణాది వాళ్లకే ఎక్కువ వచ్చే రకం ఒకటి ఉన్నదని చదివిన. మద్రాస్ మోటార్ న్యూరాన్ వ్యాధి అట. అదా?

డాక్టరమ్మ: కాదనుకుంట. 1970లో మద్రాస్ డాక్టర్లు మీనాక్షీసుందరం, జగన్నాథన్, రామమూర్తి రాసిండ్రు దాని గురించి. చిన్న వయసులో మొదలై, ముఖం, నాలుక దెబ్బతిని, చెవుడు వస్తది. నిదానంగ నడుస్తది, మనోళ్లలో కూడ కనిపిస్తది. మీ తోడల్లునికి వినికిడి బాగనే ఉన్నది కద. బెంగళూరు నిమ్హాన్స్ వాళ్ల లెక్క ఇంకా ముఖ్యం. ముప్పై ఏండ్లలో చూసిన 1,153 మంది ఏ.ఎల్.ఎస్. రోగుల వివరాలు 2008లో ప్రకటించిండ్రు. రోగం మొదలైన సగటు వయసు నలభై ఆరు చుట్టూ. అమెరికా, యూరప్‌ల కన్న ఎంతో ముందు. కాని బతికిన కాలం కూడ ఎక్కువే, సగం మంది తొమ్మిదేండ్లు దాటిండ్రు.

సారు: అది మంచి వార్తే కద?

డాక్టరమ్మ: మంచి వార్తే, అమ్ముకునేటోళ్లకు ఇంకా మంచి వార్త. నిదానంగ నడిచే రోగికి ఏ సూది వేసినా ‘చూడండి, ఆగిపోయింది’ అనొచ్చు. పోల్చడానికి సూది వేసుకోని మనిషి పక్కన ఉండడు కద. ఆ నాలుగు లక్షల చోట గోడ మీద వీడియోలు చూపించిండ్రన్నరు, అవి అబద్ధాలే కానక్కరలేదు. ఆ మనుషులు అట్లనే, ఏ సూదీ లేకున్నా, అంతకాలం నడిచేవాళ్లేమో.

సారు: సరే. పరీక్ష ఎక్కడ?

డాక్టరమ్మ: హైదరాబాద్ నిమ్స్‌లో చేస్తరు. పొద్దున గద్వాల నుంచి కాచిగూడ రైలెక్కించండి. చేతులు శుభ్రంగ కడుక్కొని రమ్మనండి, నూనె, లేపనాలు రాయొద్దు. నరం మొత్తం పొడుగునా, చంక దాక చెయ్యమని నేను చీటీ రాస్త. మణికట్టు దాక చేసి పంపిస్తే సంకేతం ఆగే ఆ అడ్డం దొరకకపోవచ్చు.

సారు: ఇంత చిన్న పరీక్ష కోసం అంత దూరమా? వనపర్తికి, నాగర్‌కర్నూల్‌కు 2022ల మెడికల్ కాలేజీలు వచ్చినయి. గద్వాలకు 2024ల. కాలేజీ బోర్డులున్నయి, ఈ మిషన్ పెట్టియ్యడానికేమి?

డాక్టరమ్మ: ఇది మాత్రం గట్టిగ అడగండి సార్, నేను కూడ సంతకం పెడుత. ట్రయల్ ఇక్కడికి రాదన్నరు. ట్రయల్ రావాలన్నా ముందు ఆర్నెల్లకు రోగం పేరు తేలాలె. ఈ మూడు జిల్లాలకు ఒక్క మిషన్, దాన్ని చదివే మనిషి ఒకరు ఉంటే మీ నడిగడ్డ పన్నెండు నెలలు పద్దెనిమిది అయితయి.

సారు: పరీక్షల ఆ అడ్డం దొరకకపోతే? నిజంగ ఆ రోగమే అయితే? అప్పుడన్న ఇంటర్‌ల్యూకిన్ ఇప్పిస్తవా?

డాక్టరమ్మ: ట్రయల్ ఎక్కడన్న నడుస్తుంటే దాంట్లోనే. విడిగా ఇయ్యను. ఇంకొక ట్రయల్ దాన్ని నిలబెడితే నేనే రాస్త. అప్పటిదాక రిలుజోల్. ఊపిరి తగ్గుతున్నదని తెలిసిన రోజు నుంచి రాత్రి పూట బైపాప్ మిషన్. మింగడం మరీ కష్టమయ్యేలోపే పొట్టకు గొట్టం. ఇవి చెప్తే ఎవ్వరికీ ఉత్సాహం రాదు, నాకెరుక.

సారు: బైపాప్ రోగాన్ని తగ్గించదు కద.

డాక్టరమ్మ: తగ్గించదు. ఇంగ్లండ్‌లో 2006లో లెక్క చూసిండ్రు. నాలుక, గొంతు మరీ దెబ్బతినని వాళ్లకు అది ఏడు నెలల దాక ఆయుష్షు కలిపింది, నిద్ర కూడ బాగుపడ్డది. మీరు పైసలు కట్టబోయిన సూదికి ఇట్లాంటి లెక్క ఒక్కటి చూపించమనండి.

సారు: మిషన్ పెట్టుకుంటే కరెంటు పోతే?

డాక్టరమ్మ: ఇన్వర్టర్ కావాలె. నాలుగు లక్షలల్ల మిషన్ వస్తది, ఇన్వర్టర్ వస్తది, చూసుకునే మనిషికి కొన్ని నెలల జీతం కూడ వస్తది. సదరం క్యాంపుకు పోయి సర్టిఫికెట్ తెచ్చుకుంటే పింఛన్ వేరు.

సారు: ఇవన్నీ వాళ్లింట్ల నేను చెప్త. సోమవారం రైలు కూడ ఎక్కిస్త. కాని ఒకటి ముందే చెప్తున్న, వాళ్లు ఇప్పటికే గొలుసు కుదువ పెట్టి పైసలు తెచ్చిండ్రు. మిషన్ కొనుమంటే ‘మావోడు బతకడా’ అని అడుగుతరు. దానికి నేనేం చెప్పాల్నో నువ్వు ఇప్పటిదాక చెప్పలే.

డాక్టరమ్మ: పరీక్ష కాగితం చేతికొచ్చినంక వాళ్లను నా దగ్గరికే పంపించండి. ఆ మాట మీతో చెప్పించను.